ఎనభై ఉయ్యాలలు

నేను జీవిత బీమా ఏజెంటుని. ఇరవై ఏళ్ళకు పైగా కాకినాడలో గుమ్మం గుమ్మం ఎక్కి, "మనిషి ప్రాణం, చెప్పలేం కదండీ" అన్న ఒక్క మాట మీద సంసారం ఈదుకొస్తున్నాను. ఆ మాట అనేటప్పుడు గొంతు ఎంత తగ్గించాలో, ఎదుటివాడు భార్య వైపు చూసేదాకా ఎంతసేపు ఆగాలో నాకు కొట్టిన పిండి. జరగరానిది ఎప్పుడూ ఎదుటివాళ్ళ ఇంట్లోనే జరిగేది. నాది కాగితాలు నింపే పని. అందుకే మా ఆవిడ నలభై మూడో ఏట నెల తప్పిందని తెలిసిన రోజున, ఆ మాట నాకు నేనే అనుకుని వరండాలో మెట్టు మీద కూలబడ్డాను. సంతోషం వేసింది. భయమూ వేసింది. రెండూ ఒకేసారి వస్తే ముఖం ఎలా పెట్టుకోవాలో తెలియక, కొళాయి విప్పి కాళ్ళు కడుక్కున్నాను.

మా ఆవిడ పేరు హైమ. ఉప్పాడ రోడ్డులో సముద్రం ఒడ్డున కట్టిన పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. మా పెళ్ళే ఆలస్యం. ఆవిడ చదువు తెమిలేసరికి, నా చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యేసరికి, ఇద్దరికీ చెవుల దగ్గర జుట్టు నెరిసింది. రెండేళ్ళ కిందట ఒకసారి నిలిచినట్టే నిలిచి మూడో నెలలో పోయింది. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తడం మానేశాం. ఇక మనకు రాసిపెట్టి లేదులే అని ఇద్దరం సర్దుకున్నాక, తీరిగ్గా ఇప్పుడు ఈ బిడ్డ బయల్దేరింది.

చుట్టాలు ఫోను చేసి "శుభం" అని, వెంటనే "ఈ వయసులోనా" అనేవాళ్ళు. రెండు మాటల మధ్య ఊపిరి పీల్చుకునేంత వ్యవధి కూడా ఉండేది కాదు. హైమ నవ్వి ఊరుకునేది. నేను మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కో పాలసీ అంటగట్టి కసి తీర్చుకున్నాను.

మూడో నెలలో స్కాను తీశారు, రక్తం తీశారు. కొన్నాళ్ళకి డాక్టర్ ఎస్తేరు రాణి గారు మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టారు. ఆవిడది నెమ్మదైన గొంతు. మంచి కబురైనా చెడ్డ కబురైనా ఒకే శ్రుతిలో చెబుతారు. ఏది వస్తోందో ముందుగా పట్టుకోలేం.

"బిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉండే అవకాశం యాభైలో ఒకటని వచ్చిందండీ," అన్నారు. "ఇరవై ఒకటో క్రోమోజోము రెండుండాల్సిన చోట మూడుంటే అది వస్తుంది. తల్లి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది."

"అంటే ఉన్నట్టా, లేనట్టా అండీ?" అన్నాను.

"రెండూ కాదు. ఇది జల్లెడ పట్టడం, అంతే భానోజీ గారూ. ఎవరిని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలో చెబుతుంది. రక్తంతో చేసే పరీక్షలు ఎన్ని వచ్చినా అవి అవకాశమే చెబుతాయి. తేల్చేది సూది పరీక్ష. పొట్టలోంచి కాస్త ఉమ్మనీరు తీసి చూస్తాం. దాంట్లోనూ చిన్న ప్రమాదం ఉంది, అయిదు వందల మందిలో ఒకరికి గర్భం పోవచ్చు. చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఎలాగూ నాలుగో నెల దాకా ఆగాలి. నిదానంగా ఆలోచించుకోండి."

నిదానంగా ఆలోచించడం నా వల్ల కాలేదు. పొద్దున్న కాఫీ తాగేటప్పుడు యాభైలో ఒకటి చాలా చిన్నదిగా కనిపించేది. నలభై తొమ్మిది మంది మన పక్షమే కదా అనుకునేవాణ్ణి. సాయంత్రం సామర్లకోట బస్సెక్కితే లోపల యాభై సీట్లు. అందులో ఒకటి నాదే. ఎవరో ఒకరు ఆ సీట్లో కూర్చోవాలిగా అనిపించి, రాజేంద్రనగర్ దాటేదాకా నిలబడే వెళ్ళేవాణ్ణి. వెయ్యికి ఇంతమంది పోతారని లెక్క చూపించి జనం చేత సంతకాలు పెట్టించినవాణ్ణి. నా ఇంటి లెక్క నాకే అర్థం కాలేదు.

హైమ నా అవస్థ చూసి, "మీలాంటివాళ్ళ కోసమేనండీ మేం తూగు కట్టింది. రేపు నాతో రండి," అంది.

తూగు అంటే వాళ్ళ కేంద్రంలోని యంత్రం పేరు. ఆరేళ్ళుగా మా ఆవిడ నాతోకంటే ఎక్కువగా కాపురం చేసింది దాంతోనే. పెళ్ళయిన కొత్తలో అది నాకు సవతి లాంటిదని ఏడిపించేవాణ్ణి. ఎన్నడూ లోపలికి వెళ్ళి చూసిన పాపాన పోలేదు.

మర్నాడు ఆవిడ నా వేలి మీద ఒక పోటు పొడిచి రక్తపు చుక్క తీసుకుంది. తన వేలి నుంచి ఒకటి. స్కాను కొలతలు, రక్తం లెక్కలు, పుట్టిన తేదీ, అన్నీ తనే టకటకా కొట్టింది. తలుపు పక్కన పలక మీద "తల్లి వయసు 43" అని పడింది. తలుపు తెరుచుకుంది.

కల్యాణ మంటపమంత హాలు. సముద్రం వైపు కిటికీలు. కప్పు నుంచి వరసగా ఉయ్యాలలు వేలాడుతున్నాయి. ఒక్కోదానిలో ఒక్కో బిడ్డ. అన్నీ వెలుతురుతో అల్లినవే. చెయ్యి పెడితే గాలి తప్ప ఏమీ తగలదు. కానీ బిడ్డలు ఆవలిస్తున్నారు, పెదవులు చప్పరిస్తున్నారు, ఒకడెవడో కళ్ళు మూసుకునే కోపంగా మొహం చిట్లించాడు. ఆ చిట్లింపు అచ్చం మా నాన్నది.

"వీళ్ళెవరు?" అన్నాను.

"మనిద్దరికీ పుట్టగలవాళ్ళు. యాభై మంది," అంది హైమ. "యాభైలో ఒకటి అంటే ఇంత. చూడండి, ఎంతమంది ఉన్నారో."

నిజమే, హాలు నిండుగా ఉంది. బస్సులో కూర్చుని ఊహించుకున్న దానికీ దీనికీ పోలికే లేదు. వీళ్ళు సీట్లు కారు, పిల్లలు. బిడ్డలందరికీ మెడదాకా తెల్లగుడ్డ చుట్టి ఉంది. ఆడో మగో ముందుగా తెలియకూడదని చట్టం కదా. తూగుకి కూడా ఆ చట్టం వర్తిస్తుందట. కంప్యూటరు పిల్లలకి కూడా గుడ్డ కప్పించిన సర్కారుకి మనసులోనే దండం పెట్టాను.

"ఆ ఒక్కటి ఏది?" అని అడిగాను. ఇక్కడికి వచ్చిన ప్రతివాడూ అడిగే ప్రశ్న అదేనని తర్వాత తెలిసింది.

హైమ వేలు చూపించలేదు. నడుచుకుంటూ వెళ్ళి కిటికీ పక్కన రెండో ఉయ్యాల దగ్గర ఆగింది. అందులో బిడ్డకి కళ్ళు కాస్త ఏటవాలుగా ఉన్నాయి, నాలుక కొస బయటికి కనిపిస్తోంది. తుమ్మింది. తుమ్మి, తన తుమ్ముకి తనే ఆశ్చర్యపోయింది. హైమ దాని మీదికి వంగి ఏదో గొణిగింది. నేను దూరంగానే నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళడానికి భయమేసింది, అది నిజం.

ఆ హాలుకి ఒక నియమం ఉంది. ఏ దంపతులైనా మూడుసార్లకి మించి రాకూడదు. ఆ నియమం రాసింది మా ఆవిడే. మొదట్లో అది లేదు. అప్పట్లో పిఠాపురం నుంచి ఒకావిడ వచ్చేదట. ఆమెకి పండంటి బిడ్డ పుట్టాడు, ఏ లోపమూ లేదు. అయినా బాలింతగా, చంకలో పిల్లాడితోనే వచ్చి, "మిగతావాళ్ళని ఒకసారి చూపించండమ్మా, బెంగగా ఉంది" అని తలుపు దగ్గర కూర్చునేదట. పుట్టని పిల్లల మీద బెంగకి మందేమిటో కేంద్రంలో ఎవరికీ తెలియలేదు. లెక్క అర్థం కావడానికి కట్టిన యంత్రం ముఖాలు చూపించింది. ముఖం చూశాక లెక్క ఎవరికి కావాలి?

ఇంత తెలిసిన మా ఆవిడ, తన నియమం తనే తప్పి, రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని ఆ కిటికీ పక్కన కూర్చుంటోందని నాకు తర్వాత తెలిసింది. అడిగితే, "ఎండ తగలకుండా అక్కడ గాలి బాగుంటుందండీ" అంది. శాస్త్రవేత్తలకి అబద్ధమాడటం చేతకాదు.

ఇంట్లో సూది సంగతి మీద గొడవ మొదలైంది. గొడవంటే అరుచుకోవడం కాదు. ఆవిడ కూర తరుగుతూ ఒక మాట అంటుంది, నేను పేపరు మడుస్తూ ఒక మాట అంటాను.

"సూది వేయించుకుంటాను," అంది ఒకరోజు.

"పోయినసారి ఏం చెయ్యకుండానే పోయింది. ఇప్పుడు చేతులారా సూది గుచ్చించుకుంటావా? అయిదొందల్లో ఒకటి అంటే నీకు చిన్నదిగా ఉందా?"

"యాభైలో ఒకటి మీకు పెద్దదిగా ఉంది కదా. అయిదొందల్లో ఒకటి దానికంటే చిన్నదే."

"లెక్కలు నాకు చెప్పకు."

"సరే, లెక్కలు వద్దు. ఒకటి చెప్పండి. పరీక్షలో అవునని వస్తే ఏం చేస్తారు?"

"అప్పుడు చూద్దాం," అన్నాను. ఎవరైనా క్లెయిము గురించి నిలదీస్తే మేం అనే మాట అది. హైమకి ఆ మాట బాగా తెలుసు. వంకాయ ముక్కలు నీళ్ళలో వేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను పేపరు మళ్ళీ విప్పాను. ఒక్క అక్షరం ఎక్కలేదు. అసలు సంగతేమిటంటే, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అవునని వస్తే నేనెలాంటి మనిషినో బయటపడుతుంది. నాకు సూదికంటే దాని భయమే ఎక్కువ.

నాలుగో నెల పడ్డాక తాళ్ళరేవు నుంచి మా అత్తగారు నూకరత్నం సున్నుండల డబ్బాతో దిగింది. ఆవిడకి నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. కూతురు ఉద్యోగం చేసే చోటు ఎప్పుడూ చూడలేదని పట్టుబడితే, ముగ్గురం కలిసి కేంద్రానికి వెళ్ళాం. ఇది మా రెండో రాక.

ఆ రోజు హైమ ముందుగా సూది లెక్క చూపించింది. ఉయ్యాలలు చిన్నచిన్నవై హాలంతా కిక్కిరిసిపోయాయి. అయిదు వందలు. అన్నిట్లోనూ బిడ్డలు నిద్రపోతున్నారు. దూరంగా మూలన ఒక్కటి ఖాళీ. ఖాళీగానే మెల్లగా ఊగుతోంది.

మా అత్తగారు దాన్ని చూసిందో లేదో, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పరుగున వెళ్ళి రెండు చేతులతో ఆపబోయింది. చేతులు వెలుతురులోంచి దూసుకుపోయాయి. మళ్ళీ పట్టుకోబోయింది. అది ఊగుతూనే ఉంది.

"ఖాళీ ఉయ్యాల ఊపకూడదే. ఇంత చదివేరు, ఆ మాత్రం తెలీదా మీకు? ఆపించు ముందు," అంది. కళ్ళలో నీళ్ళు.

హైమ గబగబా వెళ్ళి ఆపించింది. తిరిగొచ్చి, "అందరం ఈ ఊరివాళ్ళమేనండీ. తెర మీద కట్టేటప్పుడు ఒక్కరికీ తట్టలేదు. సూది వద్దని వెళ్ళిపోయినవాళ్ళలో ఎంతమంది దీన్ని చూసే వెళ్ళిపోయారో," అని నాతో మెల్లగా అంది.

తర్వాత మా యాభై మందినీ పిలిచింది. తలుపు పలక మీద వివరాలు పడ్డాయి. మా అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ దాని వైపు చూసింది.

"ఈ నలభై మూడేంటే?"

"నా వయసమ్మా."

"నీకెక్కడివే నలభై మూడు? మీ అన్నకే నలభై నాలుగు నిండలేదు. వాడి తరవాత రెండున్నరేళ్ళకి కదా నువ్వు పుట్టేవు."

హైమ నోరు తెరిచింది. మూయలేదు.

"అన్నతో పాటు బళ్ళోకి పోతానని ఒకటే ఏడుపు," అని మా అత్తగారు నా వైపు తిరిగింది. "మూడేళ్ళ పిల్లండీ అల్లుడు గారూ. మాస్టారేమో, నెత్తి మీంచి చెయ్యి తిప్పి అవతలి చెవి పట్టుకో, అందితేనే చేర్చుకుంటానన్నాడు. దీనికి మొదట్నుంచీ కోతి చేతులు. ఠక్కున పట్టేసుకుంది. అయిదు నిండేయని ఆయనే ఏదో తేదీ వేసేసేడు. కాయితాల్లో అన్నకీ చెల్లెలికీ అయిదు నెలలే ఎడం. చూసినోళ్ళంతా నన్ను అదోలా చూసేవోరు."

నాకు నవ్వాగలేదు. హైమ మాత్రం తెల్లబోయి నిలబడింది. "తెలుసమ్మా, చిన్నప్పుడు చెప్పేదానివి," అంది చివరికి. "ఏళ్ళ తరబడి ఆ తేదీయే చెప్పి చెప్పి, అసలుది బుర్రలోంచే పోయింది. డాక్టరు గారికీ అదే చెప్పాను. దీంట్లోనూ అదే కొట్టాను."

నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆవిడ పాలసీ నేనే రాశాను. మా వృత్తిలో బడి సర్టిఫికెట్టే వేదం. కన్నతల్లి ఎదురుగా ఉన్నా ఎప్పుడు కన్నావమ్మా అని అడగం.

హైమ కూర్చుని అసలు తేదీ కొట్టింది. పలక మీద నలభై ఒకటి పడింది. హాలులో కొత్త ఉయ్యాలలు ఒక్కటొక్కటిగా వెలిగాయి. ఎనభై. తాళ్ళరేవు మాస్టారు ఒక్క కలంపోటుతో అడ్డుకున్న ముప్పై మంది పిల్లలు వరసగా కళ్ళు నులుముకుంటూ వచ్చేశారు. నేను ఆ నిమిషాన నిజంగానే ఎగిరాను. దారిలో కాజాలు కట్టించుకుని ఎస్తేరు రాణి గారి దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను.

ఆవిడ కాజా తింటూ, "మంచిదే," అన్నారు. "అయినా ఎనభైలో ఒకటి కూడా మా లెక్కలో ఎక్కువే భానోజీ గారూ. నా సలహా మారదు."

నాకు మాత్రం మారినట్టే అనిపించింది. ఇంటికొచ్చి, "ఇంకేం సూది? దేవుడే మాస్టారి తప్పు దిద్దాడు," అన్నాను.

హైమ సున్నుండ కొరికి కాసేపు నమిలింది. "ముప్పై మంది కొత్తగా వచ్చారు గానీ, అది ఎక్కడికీ పోలేదండీ. కిటికీ పక్కనే ఉంది. మీరు ఇవాళ కూడా దాని దగ్గరికి రాలేదు." బ్యాగులోంచి తన తలుపు కార్డు తీసి నా చేతిలో పెట్టింది. "మనకి ఇంకో రాక ఉంది. మీరొక్కరే వెళ్ళండి. ఎవరినీ ఏది అని అడక్కండి. ఉయ్యాలల చోట్లు మార్చేశాను."

వెళ్ళనని చెప్పవచ్చు. చెప్పలేదు. భార్య ముందు పిరికివాడిగా దొరికిపోవడం నాకు ఇష్టం లేదు.

మర్నాడు పట్టపగలు ఆ హాలులో ఒక్కణ్ణే నిలబడ్డాను. మొదటి ఉయ్యాల దగ్గరికి దొంగలా వెళ్ళాను. అదేనేమో అని గుండె దడ. కాదు. రెండోదీ కాదు. మూడోదానికి నా బట్టతల. నాలుగోదానికి హైమ గడ్డం. అలా పది దాటేసరికి దడ తగ్గింది. ఇరవై దాటేసరికి పలకరించడం మొదలుపెట్టాను. ఒకడికి "ఏరా, పాలసీ తీసుకుంటావా" అన్నాను. ఒకరికి చిటికెలు వేశాను. నాకు చిన్నపిల్లల ముందు కోతిలా మొహం పెట్టే అలవాటు. చుట్టాల పిల్లలంతా నన్ను కోతి మావయ్య అంటారు. ఉయ్యాల ఉయ్యాలకీ మొహం పెట్టుకుంటూ పోతున్నాను. సగం మంది నిద్రలో ఉన్నారు, మిగతావాళ్ళు విసుక్కున్నారు. ఒక్కటి మాత్రం ఫక్కున నవ్వింది. పళ్ళు లేని నోరు బార్లా తెరిచి, గుడ్డలో కాళ్ళు తన్నుకుంటూ నవ్వింది. నేను ఇంకో మొహం పెట్టాను. మళ్ళీ నవ్వింది. నేనూ పెద్దగా నవ్వేశాను. ఎంతసేపు ఆ ఆట ఆడామో తెలియదు. అప్పుడు దానికి తుమ్ము వచ్చింది. తుమ్మి, ఆశ్చర్యపోయి నన్ను చూసింది.

అప్పుడు గుర్తుపట్టాను. అప్పటికే నా నవ్వు అయిపోయింది, ఇంక వెనక్కి తీసుకోలేను.

అక్కడే నేల మీద కూర్చున్నాను. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ నేను భయపడింది దీనికా అనిపించింది. ఆ బిడ్డ వెలుతురే, నిజం కాదని తెలుసు. దాని బతుకులో కష్టాలుంటాయనీ, మేం ముసలివాళ్ళం అవుతామనీ తెలుసు. ఆ భయం పోలేదు. కానీ హైమ అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం దొరికింది.

ఇంటికి వెళ్ళేసరికి హైమ వరండాలో ఉంది.

"అవునని వస్తే," అన్నాను, "మన బిడ్డ ఎవరో ముందే తెలిసిందనుకుంటాం. సూది వేయించుకో. ఏమేం సిద్ధం చెయ్యాలో చేద్దాం. కాకపోతే ఆ గదిలోకి నేనూ వస్తాను. బయట కూర్చోబెడితే చస్తాను."

ఆవిడ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మా అత్తగారు గుమ్మంలోంచి చూసి, మేం కొట్టుకున్నామనుకుని నన్ను తిట్టింది.

సూది రోజున నేను మా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. బిడ్డకి ఏమీ కాలేదు. ఫలితం వచ్చాక ఎస్తేరు రాణి గారు అదే నెమ్మదైన గొంతుతో, "అవునండీ. డౌన్ సిండ్రోమ్ ఉంది," అన్నారు. ఆ తర్వాత మా ముందు ఉన్న దారులన్నీ చెప్పారు. ఏదీ దాచలేదు, ఏ దారి వైపూ తొయ్యలేదు. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది కూడా మీరే ఆలోచించుకోవాలన్నారు.

ఎనభైలో ఒకటి. మిగతా డెబ్బై తొమ్మిదిమంది హాలులోనే ఉండిపోయారు. నేను ఏడ్చాను. దాచుకోవడానికేం లేదు. హైమా ఏడ్చింది. ఇష్టపడి ఎంచుకున్నదైనా బరువు బరువే. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. మూడో రోజు మా అత్తగారు కంచం తెచ్చి నా ముందు పెట్టి, "నారు పోసినోడు నీరు పొయ్యడేంటండీ. మీరు తిని బలంగా ఉండండి. ఎత్తుకుని తిప్పాల్సింది మీరు," అంది. తిన్నాను. సాయంత్రం హైమ, "ఏమంటారు?" అంది. "వరండాలో చెప్పిన మాటేగా," అన్నాను. "నేనూ అదే," అంది. డాక్టరు గారికి ఫోను చేసి చెప్పాం.

ముందుగా తెలియడం వల్ల ఎంత మేలు జరిగిందో తర్వాత అర్థమైంది. బిడ్డ గుండెకి ప్రత్యేకంగా స్కాను తీశారు. చిన్న రంధ్రం ఉంది, పుట్టాక మూయవచ్చు అన్నారు. కాన్పు విశాఖపట్నంలో, పిల్లల గుండె డాక్టర్లు ఉన్న ఆసుపత్రిలో పెట్టుకున్నాం. ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రుల ఇళ్ళకి వెళ్ళాం. ఒకింట్లో పదేళ్ళ అబ్బాయి నన్ను క్యారమ్ బోర్డులో చిత్తుగా ఓడించి, జాలిపడి మళ్ళీ ఒక ఆట ఇచ్చాడు.

ఆ నెలల్లోనే హైమ తన పైవాళ్ళతో పోట్లాడి తూగులో ఖాళీ ఉయ్యాల ఊగకుండా చేయించింది. ఉయ్యాలల్లో అసలు ముఖాలే కనపడకుండా తీసేయించాలన్న పోట్లాట మాత్రం తెమల్లేదు. ఆ ముఖాలు పుట్టే బిడ్డలతో తొంభై పాళ్ళు సరిపోతాయని వాళ్ళ ధీమా.

ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో గుండెకి చికిత్స చేశారు. ఆ ఒక్క రోజు నేను పడిన బాధ ఎవరికీ వద్దు. తర్వాత కోలుకుంది. నవనీత అని పేరు పెట్టాం. ఇంట్లో వెన్న అంటాం. కేంద్రం వాళ్ళు నలుగురు తూగు తీసిన బొమ్మలు పట్టుకుని, పోలికలు చూడటానికి పండగలా దిగారు. ముందు తుమ్ముల బిడ్డ బొమ్మ పక్కన పెట్టి చూశారు. ముక్కు కలవలేదు. కళ్ళు కలవలేదు. మిగతా డెబ్బై తొమ్మిదీ తిప్పారు. నా బట్టతల లేదు, దీనికి నెత్తి నిండా జుట్టు. హైమ గడ్డం లేదు. మా నాన్న చిట్లింపు లేదు. చెవులు రెండూ ఎవరివో మా రెండు వంశాల్లోనూ ఎవరికీ తెలియదు. కోతి మొహం పెడితే నవ్వలేదు సరికదా, నన్ను ఎగాదిగా చూసి మొహం తిప్పుకుంది.

ఆరేళ్ళ శ్రమ తప్పని తేలితే శాస్త్రవేత్త బాధపడాలి. హైమ బొమ్మలన్నీ మంచం మీద పరిచి, కూతుర్ని మధ్యలో పడుకోబెట్టి, నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది. "రేపే ముఖాలు తీయించేస్తాను. ఇవి ఎవరివీ కావండీ. ఎవరి కోసం బెంగపెట్టుకున్నాను నేను," అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తూగు లెక్క చెప్పగలిగింది. మా పిల్ల ఎవరో చెప్పలేకపోయింది.

మొన్న ఒక పాలసీదారు ఇంటికి వెళ్ళాను. హైమకి పని ఉండి వెన్నని నేనే ఎత్తుకుని వెళ్ళాల్సి వచ్చింది. మా సంగతి ముందే విని ఉన్న ఆ ఇంటాయన దాని ముఖం చూసి, గొంతు తగ్గించి, నేను ఇరవై ఏళ్ళుగా తగ్గించినట్టే తగ్గించి, "ఎనభైమందిలో ఒకరికంట కదండీ. మీకే రావాలా పాపం," అన్నాడు.

"ఆ ఎనభైమందినీ నేను చూశానండి," అన్నాను. "వాళ్ళలో ఎవరూ రాలేదు. ఇది వచ్చింది. కాస్త పట్టుకోండి, కాగితాలు తీయాలి."

ఆయన మొహమాటంగా చేతులు చాపాడు. వెన్న వెళ్ళి ఆయన మెడ కరుచుకుని, కళ్ళద్దాలు లాగి నోట్లో పెట్టుకుంది. నేను ఫారం నింపడం అయిపోయి తిరిగి ఇమ్మంటే, ఆయన ఇవ్వడానికి ఇష్టపడలేదు.